ఆదిమ క్రైస్తవ వాఙ్మయమున పట్టణ పరిభాష

క్రైస్తవమతము పల్లెపట్టుల మతమని మనలో ననేకుల తలంపు. దీనికి హేతువులు రెండు కనబడుచున్నవి. సువార్తలలోని జాలరులు, గొఱ్ఱెల కాపరులు, విత్తనములు చల్లువాడు, అంజూరపుచెట్టు - ఇవి పాఠకుని మనస్సున ముందుగా నాటుకొనును. రెండవ హేతువు మన ప్రాంత చరిత్రము. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో హెచ్చుమంది పల్లెల వెలుపలనున్న మాదిగవాడలనుండి వచ్చినవారు. తెలుగుదేశమున జరిగిన యీ యుద్యమమును జూచి మొదటి శతాబ్దము నట్లే యూహించుకొనుట సహజము. సహజమే కాని సరికాదు.

ఆ మతము గలిలయ పల్లెలలో మొలకెత్తినను, దాని లేఖనములు రూపొందినది చాలవఱకు గ్రీకు మాట్లాడు పట్టణములలో. దాని ప్రధాన పదములలో గొన్ని ఆ పట్టణముల పరిపాలననుండి వచ్చినవి, లేక ఆ పరిపాలనలో నదివఱకే వాడుకలో నున్నవి. భాషాంతరీకరణములలో నీ సంబంధము మఱుగుపడినది. తెలుగు బైబిలును మాత్రమే ఆధారముగా గొని వ్రాయు పరిశోధకులు దీనివలన గొన్నిచోట్ల పొరబడుచున్నారు. కావున నాలుగైదు పదములను బరిశీలింప దలచితిమి. సిద్ధాంత విచారము మా యుద్దేశము కాదు.

ముందుగా సువార్తల సంగతి. నజరేతునకు రమారమి 6 కిలోమీటర్ల దూరమున సెఫోరిస్ అను పట్టణముండెను. హేరోదు అంతిప దానిని బునర్నిర్మించి తనకు ముఖ్యస్థానముగ జేసికొనెను. అట్టి పట్టణము పేరు నాలుగు సువార్తలలో నొక్కచోటనైనను లేదు. క్రీ.శ. 20 ప్రాంతమున అతడే కట్టించిన తిబెరియ పేరు యోహాను సువార్తలో మాత్రము వచ్చును. అదియు పడవలు బయలుదేరిన యూరుగను, సరస్సు పేరుగను. యేసు అందు ప్రవేశించినట్లు చెప్పలేదు. మార్కు మాటలలో ఆయన వెళ్లినది కైసరయ ఫిలిప్పీకి కాదు, దానికి జేరిన పల్లెలకు. తూరు విషయముననైనను ఆయన పోయినది దాని ప్రాంతములకే. పట్టణపు టంచువఱకు వచ్చి యాగుట యీ కథనములలో నింత తఱచుగ గానవచ్చుట గమనింపదగినది.

ఇక లూకా నజరేతును, కపెర్నహూమును గూడ 'పోలిస్' అనును. పోలిస్ అనగా గ్రీకుల దృష్టిలో సభయు, ఆలోచనా సంఘమును, అధికారులును గల పట్టణము. కొన్ని వందల జనముగల నజరేతునకు ఆ పేరు చెల్లదు. మార్కు మాత్రమొకచోట 'కోమోపోలిస్' అను సమాసము వాడెను. పల్లెపట్టణమని దాని యర్థము. క్రొత్త నిబంధనలో నీ మాట మఱెక్కడను లేదు. గలిలయను దగ్గఱగ నెఱిగిన సంప్రదాయము మార్కుదనియు, లూకా పట్టణవాసి కన్నులతో జూచుచున్నాడనియు మా యూహ.

పౌలుతో దృశ్యము మాఱును. ఆయన తార్సు పౌరుడని అపొస్తలుల కార్యములు చెప్పును; ఆయన లేఖలలో తార్సు పేరు రాదని గూడ జ్ఞాపకముంచుకొనవలెను. అయినను ఆ లేఖల భాషయే ఆయన యెక్కడివాడో చెప్పును. పరుగుపందెము, కట్టడము, న్యాయస్థానము, అంగడి - ఆయన యుపమానములు హెచ్చుగ నిట్టివి. ఒలీవచెట్టునకు అంటుగట్టుట నొకచోట ప్రస్తావించెను గాని, అందు అడవికొమ్మను మంచిచెట్టునకు గట్టించెను. తోటమాలులు సాధారణముగ జేయునది యిందుకు విరుద్ధము. ఇది స్వభావవిరుద్ధమని ఆయనయే యొప్పుకొనినాడు కావున దీనిని తప్పుగ నెంచనక్కఱలేదు. తాను పడిన యాపదలను లెక్కించుచు పట్టణములో, అరణ్యములో, సముద్రములో అని చెప్పిన పౌలు పంటపొలములను బేర్కొనలేదని వేయిన్ మీక్సు అను పండితుడు 1983లో వెలువరించిన గ్రంథమున జూపెను. సూక్ష్మమైన పరిశీలనము.

ఇంతకంటె బలమైన సాక్ష్యము రోమీయులకు వ్రాసిన లేఖ పదునైదవ అధ్యాయమున నున్నది. యెరూషలేము మొదలు ఇల్లూరికు వఱకు సువార్త ప్రకటనము పూర్తియైనదనియు, ఈ ప్రాంతములలో దనకిక చోటు లేదనియు, స్పెయినునకు బోదలచితిననియు పౌలు అందు తెలిపెను. నిజమునకు ఆ విశాలభూభాగమున ఆయన నెలకొల్పిన సమాజములు కొలదిపట్టణములలో మాత్రమే గలవు. ఆ పట్టణముల నడుమ నున్న వేలకొలది పల్లెల మాటయేమి? ముఖ్యపట్టణము ముట్టిన ప్రాంతమెల్ల ముట్టినట్లే యని ఆయన లెక్క. గలతీయ సంఘములకు బంపిన లేఖ వంటిది తప్ప, ఆయన సమాజములకు వ్రాసిన లేఖలలో హెచ్చు భాగము పట్టణముల పేరిటనే యున్నవి. రాజమార్గములపై నొక పట్టణమునుండి మఱియొక పట్టణమునకు మనుష్యులు పోవుచుండిరి కావున లేఖ పంప వీలయ్యెను. దూరమున నుండుటచేత లేఖ యవసరమయ్యెను. క్రొత్త నిబంధనలోని యీ సాహిత్యరూపమే యొకవిధముగ పట్టణముల మధ్యనున్న దూరములనుండి పుట్టినది.

ఇప్పుడు ప్రధానపదమునకు వత్తము. 'ఎక్లీసియా' అను గ్రీకుమాటను తెలుగు బైబిలు 'సంఘము' అని తెనిగించెను. గ్రీకు పట్టణములలో దీనికి పౌరుల సర్వసభ యని యర్థము. వయస్సు వచ్చిన స్వతంత్ర పురుషులు, అందును పౌరులు మాత్రమే యిందు గూర్చుండుట కర్హులు. స్త్రీలకు, దాసులకు, పరస్థలమునుండి వచ్చి కాపురమున్నవారికి దానిలో స్థానము లేదు. రోమనుల యేలుబడిలో దీని యధికారము తగ్గినను పేరును, మర్యాదయు నిలిచియుండెను.

అపొస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయమున ఎఫెసు అల్లరి వర్ణింపబడినది. అర్తెమిదేవి వెండిగుడులు చేయు దేమేత్రియ తన తోడి పనివారిని రేపెను. జనము నాటకశాలలోనికి జొరబడిరి. ఇరువదివేలమందికి పైగా బట్టు ఆ నాటకశాల శిథిలములు నేటికిని నిలిచియున్నవి. పట్టణపు కరణము వారిని శాంతపఱచి, వ్యాజ్యమున్నచో క్రమమైన సభలో దీర్చుకొనుడని చెప్పి పంపివేసెను. ఈ ఘట్టమున మూడుమాఱులు 'ఎక్లీసియా' అను మాటయే వచ్చినది. గ్రీకుపాఠకునకు కొరింథులోని దేవుని ఎక్లీసియాయు, ఎఫెసు నాటకశాలలో నఱచిన ఎక్లీసియాయు నొకటే మాట. తెలుగు బైబిలున మొదటిది 'సంఘము', రెండవది 'సభ'. రెండును నొకే మూలపదమునకు బర్యాయములని తెలుగు పాఠకుడు గ్రహింపజాలడు. ఇది మన యనువాదకుల లోపము మాత్రమే కాదు. ఇంగ్లీషువారును నిట్లే విడదీసిరి.

ఇచట నొక యాక్షేపణము గలదు. హెబ్రీ లేఖనముల గ్రీకు అనువాదమున ఇశ్రాయేలు జనసమూహమునకు ఎక్లీసియా యను మాట యదివఱకే వాడబడినది. క్రైస్తవులు దానిని అచ్చటనుండి గైకొనిరి గాని పట్టణసభనుండి కాదని కొందఱందురు. పుట్టుక విషయమున వారి మాట సబబే. పౌలు ఈ పదమును పట్టణసభకు బోటీగ నుద్దేశించెనని చెప్పుటకు ఆధారము చాలదు. కాని పదము ఎచటనుండి వచ్చినదనుట యొకటి, విన్నవాని చెవి కెట్లు తోచెననుట మఱియొకటి. థెస్సలొనీక కూలివాడు 'థెస్సలొనీకయుల ఎక్లీసియా' యని తన్ను సంబోధించిన లేఖ విన్నపుడు అతనికి హెబ్రీ లేఖనములకంటె ముందు తన యూరి సభయే స్ఫురించియుండును. ఆ యూరి యధికారులకు లూకా వాడిన 'పొలితార్కు' అను బిరుదు గ్రంథములలో మఱెక్కడను దొరకక పండితులు శంకించుచుండ, అచ్చటనే పడగొట్టిన ద్వారముపైని శాసనమున నది కనబడినది. ఆ శిల ఇపుడు బ్రిటిషు మ్యూజియమున నున్నది.

తెలుగు 'సంఘము' అను మాటను గూర్చి యొక విశేషము చెప్పక తప్పదు. బౌద్ధుల వలన మనకది మతసంబంధమైన మాటగ దోచును గాని, ప్రాచీన భారతమున రాజు లేక పెద్దలచే బాలింపబడు గణరాజ్యమునకును సంఘమనియే పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రమున పదునొకండవ యధికరణము సంఘవృత్తము. రాజ్యపరిభాషనుండి మతపరిభాషలోనికి వచ్చిన పదమునకు అట్టి చరిత్రయే గల పదము దొరికినది. అనువాదకు లిది యెఱిగి చేసిరనుటకు వీలులేదు. కాని యింతకంటె దగిన మాట మాకును దోచుటలేదు.

ఈ క్రొత్త ఎక్లీసియాలో గూర్చున్నవా రెవరు? కొరింథు దీనికి మంచి నిదర్శనము. క్రీ.పూ. 146లో రోమనులు నేలమట్టము చేసిన ఆ పట్టణమును క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు మరల నెలకొల్పెను. దాస్యవిముక్తులు పెక్కుమంది యందు జేరిరి. గల్లియోను అధికారకాలమును దెలుపు డెల్ఫీ శాసనమునుబట్టి పౌలు అచ్చట 51 ప్రాంతమున నుండెనని నిశ్చయింపవచ్చును. ఆ సమాజమున జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు లేరని పౌలే వ్రాసెను. అనేకులు లేరనగా కొందఱుండిరన్నమాట. ఎరస్తు అను నతడు పట్టణపు ద్రవ్యాధికారి. తెలుగు బైబిలు అతనిని 'ఖజానాదారుడు' అనును. ఎరస్తు పేరిట నొక రాతిపఱపు శాసనము 1929లో కొరింథున బయల్పడినది గాని, ఇద్దఱు నొక్కరే యనుట వివాదగ్రస్తము. ఒకే పంక్తిలో ఖజానాదారుడును, దాసుడును గూర్చుండవలసి వచ్చినపుడు కలిగిన చిక్కులే ఆ లేఖకు సగము విషయము. ప్రభురాత్రి భోజనమున ఒకడు ఆకలిగొనును, మఱియొకడు మత్తుడగును. అంగడిలో నమ్ము మాంసము విగ్రహములకు బలియిచ్చినదో కాదో యను ప్రశ్న పట్టణవాసికి దినదినమును ఎదురగు ప్రశ్న.

స్త్రీలు ప్రార్థించుటయు, ప్రవచించుటయు ఆ లేఖ పదునొకండవ అధ్యాయము సామాన్యవిషయముగ జెప్పును. పదునాలుగవ అధ్యాయమున స్త్రీలు ఎక్లీసియాలలో మౌనముగ నుండవలెనను నిషేధము వచ్చును. ఈ వాక్యములు తరువాత జేర్చబడినవా కావా యని పండితులలో నభిప్రాయభేదము గలదు. ఎవరు చేర్చినను, చేర్పకున్నను, అది పట్టణసభ నియమమే యని మాకు దోచుచున్నది. పేరుతోపాటు ఆ సభామర్యాదయు నింటిలోని కూటమునకు బ్రవేశించినది.

ఫిలిప్పీ విషయము క్లుప్తముగ జెప్పుదుము. క్రీ.పూ. 42 యుద్ధము పిమ్మట రోమను యోధులు కాపురముంచబడిన వలసపట్టణమది. రోమను పౌరసత్వమే అచ్చట గౌరవచిహ్నము. అట్టివారికి వ్రాయుచు పౌలు 'పొలితేయుమా' అను మాట వాడెను. దీనికి తెలుగు బైబిలున 'పౌరస్థితి' యని యున్నది. పోలిస్ నుండి పొలితేయుమా యైనట్లే పురమునుండి పౌరశబ్దము పుట్టినది కదా. మూలమునకు నింత సన్నిహితమైన పదము ఇంగ్లీషు ప్రాచీనానువాదమున గూడ లేదు. కాని అదే లేఖ మొదటి అధ్యాయమున పౌరులుగ మెలగుడను క్రియకు 'ప్రవర్తించుడి' అని సామాన్యార్థము చెప్పి విడిచిరి.

పట్టణముపై నీ వాఙ్మయమునకు బ్రేమయే కలదని యనుకొనరాదు. ఆదికాండమున మొట్టమొదట నూరు కట్టినవాడు సోదరహంతయగు కయీను. ప్రకటన గ్రంథమున రోము బబులోనుగ, వేశ్యగ జిత్రింపబడినది. అందలి పదునెనిమిదవ అధ్యాయమున ఆ పట్టణపు వర్తకులు కొనిన సరకుల పట్టిక యున్నది: బంగారముతో మొదలై పట్టు, దంతము, గోధుమలు, గుఱ్ఱములు దాటి మనుష్యుల ప్రాణములతో ముగియు ఇరువదియెనిమిది వస్తువులు. దాసవ్యాపారమును జివరకుంచిన యీ పట్టికకంటె గఠినమైన నింద ఆ గ్రంథమున మఱియొకటి లేదని మా యభిప్రాయము. అయినను ఆ గ్రంథము ముగింపున మానవులు తిరిగి చేరునది ఏదెను వంటి తోటకు కాదు, పట్టణమునకే. పండ్రెండువేల స్తాదియల చదరపు నగరమది, నదియు, జీవవృక్షమును దానిలోనే యున్నవి, తలుపులు మూయబడవు.

మొదటి క్రైస్తవులందఱును పట్టణవాసులే యనుట మాత్రము అతిశయోక్తి. క్రీ.శ. 112 ప్రాంతమున ప్లినీ తన చక్రవర్తికి వ్రాయుచు ఈ యంటువ్యాధి పట్టణములనే కాక పల్లెలను, పొలములను గూడ వ్యాపించినదని విన్నవించెను. థామస్ రాబిన్సను 2017లో ప్రకటించిన గ్రంథమున పట్టణవాదమును దీవ్రముగ విమర్శించెను. జనసంఖ్య విషయమున అతని సందేహములు తోసివేయదగినవి కావు. మేము చెప్పునది జనసంఖ్యను గూర్చి కాదు, పదజాలమును గూర్చి. నాల్గవ శతాబ్దమున క్రైస్తవేతరులకు 'పగానుసు' అను లాటిను పేరు స్థిరపడినది. పల్లెవాడని దాని పూర్వార్థములలో నొకటి. సైనికుడు కానివాడను అర్థమునుండి వచ్చినదని మఱికొందఱందురు. మొదటి యర్థమే నిజమైనచో, మన యాలంకారికులు 'గ్రామ్యము' అను మాటను దోషవాచకముగ జేసినదానికి ఇది తోబుట్టువు.

కడపట నొక పదము మిగిలినది. పట్టణమున గాపురముండియు పౌరహక్కులు లేనివానిని గ్రీకులు 'పరోయికోసు' అనిరి. పేతురు మొదటి లేఖ విశ్వాసులను ఈ పేరుతో బిలిచినది. తెలుగున 'పరదేశులు' అని యున్నది. మొదటి శతాబ్దాంతమున రోము సంఘము కొరింథునకు బంపిన లేఖయు, రోమున పరవాసముచేయు ఎక్లీసియా కొరింథున పరవాసముచేయు ఎక్లీసియాకు వ్రాయునదని ప్రారంభమగును. ఆ పరవాసమునకు 'పరోయికియా' యని పేరు. అది లాటినున 'పరోకియా' యై, ఒక గుడి యేలుబడిలోని స్థిరమైన పేటకు పేరైనది. ఇంగ్లీషు 'పేరిష్' దాని సంతతియే. తెలుగు కథోలికులు దీనిని 'విచారణ' అందురు. అందలి గురువు విచారణకర్త. ఈ మాటలో పరవాసియు లేడు, పట్టణమును లేదు.