డాక్టరు మోరో: దోషనిర్ణయము

శాస్త్రమున నసమానుఁడై, దయయందు శూన్యుఁడైన పురుషుని చిత్రించిన కథలు ఆంగ్లవాఙ్మయమునఁ బెక్కులు గలవు. వానిలో హెచ్. జి. వెల్సు 1896వ సంవత్సరమునఁ బ్రకటించిన ‘డాక్టరు మోరో ద్వీపము’ ముఖ్యము. ఇందలి మోరో దోషమెట్టిదని విచారించుట యీ వ్యాసోద్దేశము. మితిలేని జ్ఞానతృష్ణయే యతని దోషమని పలువురు తలంతురు. ఆ నిర్ణయము చాలదని నా మతము.

మోరో లండను నగరమునఁ బేరొందిన శరీరశాస్త్రవేత్త. చర్మ మొలువఁబడిన కుక్క యొకటి యతని యింటినుండి తప్పించుకొని వీథిఁ బడఁగా లోకులు నిందించిరి. అతఁడు దేశము విడిచి, పసిఫిక్ మహాసముద్రమునందలి యొక ద్వీపముఁ జేరి, మృగములను గోసి కుట్టి మనుష్యాకృతికిఁ దెచ్చుచుండెను. అతని శాలను ఆ మృగములు బాధాగృహమని పిలిచెడివి. ఓడ మునిగి యచ్చటఁ జేరిన ప్రెండిక్కు ప్రశ్నింపఁగా, మోరో తన తొడలోఁ జిన్నకత్తి గ్రుచ్చుకొని, బాధ యనునది గణింపఁదగినది కాదని వాదించెను. తుదకుఁ దాను గోయుచున్న ప్యూమా యను మృగమే సంకెలఁ బెఱికికొని పాఱి యతనిఁ జంపెను.

ఈ పాత్ర యాకాశమునుండి యూడిపడినది కాదు. జీవించియున్న జంతువులను గోసి పరీక్షించుట యుక్తమా యను వాదము నాఁడు ఇంగ్లండునఁ దీవ్రముగా నుండెను. 1876వ సంవత్సరపుఁ జట్టము అట్టి పరీక్షలకు అనుమతిపత్రము నావశ్యకము చేసెను. వెల్సు స్వయముగా హక్స్లీ పండితునొద్ద జీవశాస్త్ర మభ్యసించినవాఁడు. కావున శాస్త్రద్వేషమున నీ కథ వ్రాసెననుట పొసఁగదు.

పూర్వకథలతోఁ బోల్చిన మోరో దోషము స్పష్టమగును. మన పంచతంత్రమున సింహమును బ్రతికించిన విద్వాంసులకు శాస్త్రము గలదు, వివేకము లేదు. వారి మూఢత వారినే చంపెను. 1818వ సంవత్సరమున మేరీ షెల్లీ ప్రకటించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కథలో విక్టరు, వ్యాధులను రూపుమాపవలెనని కోరినవాఁడు; కాని తాను సృజించిన ప్రాణి కన్ను దెఱచినంతనే దానిని విడిచి పాఱిపోయెను. మొదటివారిది అవివేకము, రెండవవానిది పరిత్యాగము. మోరో మూఢుఁడు కాఁడు, భీరువును కాఁడు. మఱి యతని దోషమేమి?

వ్యాకరణపరిభాషలోఁ జెప్పెదను. దానక్రియలో ఎవని నుద్దేశించి యిత్తుమో యతఁడు సంప్రదానమని పాణిని చెప్పెను. దానమే కాక యే క్రియకైనను ఉద్దిష్టుఁడు సంప్రదానమగునని వార్తికకారుఁడు విస్తరించెను. విక్టరు క్రియకు లోకము సంప్రదానముగా నుండెను. అతఁడు దానికిఁ దప్పినాఁడు. మోరో క్రియకు సంప్రదానమే లేదు. మృగములకొఱకా? పని ముగియఁగానే వానిని అడవికిఁ దఱిమెడివాఁడు. లోకముకొఱకా? ఆ ద్వీపమునుండి యొక్క గ్రంథమైన లోకమునకుఁ బంపినట్లు కథలో లేదు. కర్త గలఁడు, కర్మ గలదు, కత్తి కరణముగా నున్నది. ఎవరికొఱకు అను పదము మాత్రము వాక్యమున లేదు. దయారాహిత్యము దాని ఫలమే.

శాస్త్రమును శాస్త్రముకొఱకే చదువుట తప్పా యని యాక్షేపింపవచ్చును. తప్పు కాదు. శబ్దమును విడఁదీసినచో నెవ్వరికిని నొప్పి కలుగదు. కాని మన సాధనము పరుని దేహమును దాఁకినప్పుడు ఆ ప్రశ్న తప్పదు.

రూపసిద్ధి తప్పిన బాలునిపై బెత్త మెత్తిన దినములు నాకునుఁ గలవు. ఆ బాలునికొఱకుఁ గొట్టితినా, శాస్త్రము తప్పెనను కోపముననా? మోరో కథఁ జదివిన పిదప ఈ ప్రశ్నను దాఁటలేకున్నాను. పాఠశాలలయందు బోధించు విజ్ఞులును విచారింతురుగాక.