కరువునాటి విశ్వాసము: మెదకు దేవాలయము

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములు 2016 వరకు మెదకు జిల్లాలోనివి. ఇచ్చటి దక్షిణ ఇండియా సంఘ క్రైస్తవులకు మెదకు దేవాలయమే ప్రధానస్థానము. మెథడిస్టు మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో దాని నిర్మాణ మారంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కరువున మాడిన జనమునకు కూలిగా అన్నము పెట్టి దీనిని కట్టించిరని స్థానికులు చెప్పుదురు.

ఇందువలన ఆ పేదల విశ్వాసము గంజికొరకు కలిగినదేయను ఆక్షేపణ పుట్టినది. దీనిని విచారించుటకు ఒంగోలు చరిత్ర తోడ్పడును. 1876–78 కరువులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొంతభాగమును గుత్తకు గొని బీదలకు పని కల్పించెను. కాని ఆ కాలమున బాప్తిస్మ మిచ్చుట నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అచ్చట అన్నమునకును విశ్వాసమునకును నడుమ ఎడము కనబడుచున్నది.

మెదకులో అట్టి యెడము లేదు. కూలియు ఆరాధనయు ఒక్కచోటనే సాగినవి. కావున కూలి ముగిసిన పిమ్మట నేమి జరిగినదో చూడవలెను. 1924తో నిర్మాణము ముగిసినది. రోగము, అప్పు, చావు పేదల యిండ్లను వీడలేదు. అయినను సంఘము చెదరక, 1947లో దక్షిణ ఇండియా సంఘమున మెదకు అధ్యక్షమండలముగా నేర్పడినది. నేటికిని క్రిస్మసునాడు జనులు తమ కష్టములు చెప్పుకొనుటకు అచ్చటికి వత్తురు. పెట్టిన అన్నమునకు కృతజ్ఞత ఒక తరముతో తీరియుండును. పస్తున్ననాడును మానని ప్రార్థనకు మూలము వేరొకటి గలదని మా యభిప్రాయము.