నక్షాలో లేని కైఫియత్

అబ్బా పోయిన మూడో ఏడు చిచ్చా, నేను ఒక దఫ్తర్‌కి వెళ్ళాం. ఊరి ఖబరస్తాన్‌కి ప్రహరీ కట్టుకోవాలి, ఇజాజత్ కావాలి. మాది నడికుడి జంక్షన్‌లో రైలు దిగి ఆటో ఎక్కి పోయే ఊరు. గుమాస్తా బల్ల మీద ఊరి నక్షా పరిచి వేలు పెట్టి వెతికాడు. "ఇక్కడ ఖబరస్తాన్ అని ఏం లేదండీ. పోరంబోకు అని ఉంది" అన్నాడు. ఆయన ఝూట్ చెప్పలేదు. కాగితం మీద ఉన్నది అదే. చిచ్చా మాత్రం "మా అమ్మీ, మా అన్న అందులోనే ఉన్నారు బాబూ" అని ఊరుకున్నాడు.

ఆ రోజు నుంచి నక్షాల తవారీఖ్ నన్ను వదల్లేదు.

ముందు మన నోట్లో ఉన్న లఫ్జులు చూడండి. జిల్లా, మౌజే, ఫిర్కా, సరిహద్దు, జమాబందీ, తహశీల్దార్. జమీన్‌ని కొలిచి, లెక్కకట్టి, పన్ను వసూలు చేసే జుబాన్ అంతా అరబ్బీ, ఫార్సీ నుంచి నడిచొచ్చింది. తెలుగు రైతు వాటిని ఎప్పుడో సొంతం చేసుకున్నాడు. అసలు రైతు అన్న మాటే 'రయ్యత్'. వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది తాలూకా. అది 'తఅల్లుఖ్' నుంచి వచ్చింది. తఅల్లుఖ్ అంటే సంబంధం. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి గానీ, "ఫలానా వాళ్ళ తాలూకా మనిషి" అని ఇప్పటికీ అంటాం.

మానవ భూగోళశాస్త్రం మొదటి పాఠం ఈ మాటలోనే ఉంది. ఒక ఊరు ఎక్కడుంది అంటే రెండు జవాబులుంటాయి. ఒకటి అంకెల జవాబు: నడికుడి సుమారు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.7 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది. దీన్ని నిరపేక్ష స్థానం అంటారు. ఇది మారదు. రెండోది రిష్తాల జవాబు, సాపేక్ష స్థానం: గుంటూరు నుంచి వచ్చే రైలు దారి ఇక్కడ చీలి ఒకటి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకి, ఇంకొకటి కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్లగొండ వైపు పోతుంది. ఈ జవాబు మారుతూనే ఉంటుంది. ఆ లైను పడకముందు నడికుడికి హైదరాబాద్ ఎంత దూరమో, పడ్డాకా అన్ని మైళ్ళే. కానీ రెండూ ఒకే దూరం కాదని రాత్రి రైలెక్కి తెల్లారేసరికి కూలి పనికి దిగినవాణ్ణి అడగండి, చెబుతాడు.

కృష్ణనే తీసుకోండి. 1788లో గుంటూరు సర్కారు నిజాం నుంచి కంపెనీకి పోయింది. పలనాడు ఆర్కాటు నవాబు కింద ఉండేది, అది 1801లో కంపెనీ పరమైంది. అప్పట్నుంచి ఏటికి ఈ గట్టు మద్రాసు, ఆ గట్టు నిజాం రియాసత్. 1956 నవంబర్ 1న రెండు గట్లూ ఒకే రాష్ట్రమయ్యాయి, ఏరు గుంటూరు, నల్లగొండ జిల్లాల మధ్య గీతగా మిగిలింది. 2014 జూన్ 2న మళ్ళీ రాష్ట్రాల సరిహద్దు అయింది. ఏరు కదల్లేదు, హోదా మారింది. ఆ మార్పు ఎంత బరువో 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు తెలిసింది. హైదరాబాద్ నుంచి ఇళ్ళకి బయలుదేరిన జనం పొందుగల వంతెన దగ్గర ఆగిపోయారు. అప్పటిదాకా అది బస్సు కిటికీలోంచి ఏటిలో పైసలు విసిరే చోటు మాత్రమే.

నీళ్ళకి మాత్రం ఈ హిసాబ్ పట్టదు. హైదరాబాద్‌లో పురానాపుల్ కింద పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ వాడపల్లికి వజీరాబాద్ అని ఇంకో పేరు. ఒకే చోటికి రెండు పేర్లంటే, రెండు జమానాలు అక్కడ ఆగి వెళ్ళాయని అర్థం.

నక్షా ఎటు తిరిగి ఉండాలన్నది కూడా ఎవరో ఒకరు పెట్టిన రివాజే. 1154లో సిసిలీ రాజు రోజర్ కోసం అల్ ఇద్రీసీ గీసిన దునియా నక్షాలో దక్షిణం పైన ఉంటుంది. ఆ లెక్కన నడికుడి పైకి, హైదరాబాద్ కిందికి వస్తాయి. గలత్ కాదు, చూపు వేరు.

ఇక స్కేలు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ 1:50,000 స్కేల్‌లో ఉంటుంది. నేల మీద ఒక కిలోమీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. యాభై మీటర్ల ఖబరస్తాన్ అందులో ఒక్క మిల్లీమీటరు, పెన్సిలు మొన పెడితే కప్పుకుపోతుంది. అందుకే ఊరి నక్షా పెద్ద స్కేల్‌లో వేరే గీస్తారు. దానికి గొలుసు లాగేవాళ్ళు. 66 అడుగుల గొలుసు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. గొలుసు పొడవూ వెడల్పూ చెబుతుంది. అక్కడ ఎవరు పడుకున్నారో గొలుసుకి తెలీదు. ఎవరో చెప్పాలి, ఎవరో రాసుకోవాలి.

ఆ సంగతి తెలిసినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లాండ్ నుంచి వచ్చి 1815లో హిందూస్తాన్‌కి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలుస్తూనే, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువాళ్ళని పెట్టుకుని ఊరూరి కథ రాయించాడు. ఊరు ఎట్లా పుట్టింది, ఎవరెవరు ఏలారు, ఏ మాన్యం ఎవరిది అని. వాటికి ఏం పేరు పెట్టారు? కైఫియత్తులు. ఉర్దూలో కైఫియత్ అంటే హాలత్, స్థితి. గుంటూరు సీమ చరిత్ర రాసేవాళ్ళు ఈ రోజుకీ వాటినే తిరగేస్తారు. బొర్రయ్య తమ్ముడు రామస్వామి 1828లో దక్కన్ ఊళ్ళ మీద ఇంగ్లీషులో ఏకంగా ఒక కితాబే అచ్చేశాడు.

కైఫియత్‌కీ ఒక కమీ ఉంది. అది చెప్పినవాడి యాద్‌దాష్త్. ఎవర్ని అడిగితే వాళ్ళ ఊరే కాగితం మీదికి ఎక్కుతుంది, అడగనివాళ్ళ ఊరు ఎక్కదు. మా పోరంబోకు కథ అదే. మావాళ్ళు కొలతకి అడ్డు పడలేదు, నోరు విప్పి చెప్పనూ లేదు. చెప్పాలని తెలీదు పాపం.

నిజానికి ఖబరస్తాన్ తనే ఒక నక్షా. మయ్యత్‌ని ఖిబ్లా వైపు మొహం తిప్పి పడుకోబెడతాం. మా వైపు నుంచి మక్కా పడమటికి కాస్త ఉత్తరంగా, సుమారు 14 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. అందుకే ఖబర్లన్నీ దాదాపు ఉత్తర దక్షిణాలుగా, ఒకే వరసలో ఉంటాయి. పలనాటి నాపరాయి తలాపున నిలబెట్టిన ఆ వరసలు చూస్తే, పేరు చెక్కకపోయినా ఇది ఎవరి చోటో చదవొచ్చు. చదవడం తెలియాలి, అంతే.

2020 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. ఈసారి గొలుసు లేదు. పైన డ్రోన్, కింద ఉపగ్రహాల సిగ్నల్ పట్టే రోవర్. సెంటీమీటర్ల లెక్కలో హద్దు చెప్పే మిషన్లు. వాటి కొలత మీద నాకు షక్ లేదు. కానీ డ్రోన్‌కి మా తుమ్మ చెట్లు కనిపిస్తాయి, దాని నీడలో ఉన్న దాదీ కనిపించదు. నక్షా ఎంత బారీక్‌గా ఉన్నా, పక్కన కైఫియత్ రాయకపోతే అది మళ్ళీ పోరంబోకే.

మొన్న షబె బరాత్‌కి నేనూ, చిచ్చా టార్చిలైటు, నోటుబుక్కు పట్టుకుని పోయాం. ఒక్కో ఖబర్ దగ్గర నిలబడి చిచ్చా చెబుతుంటే నేను రాశాను. పేరు, ఎవరి బేటా, ఏ సాల్‌లో ఇంతెఖాల్. ఫోన్‌లో ఆ చోటు అక్షాంశం, రేఖాంశం చూసి పక్కనే వేశాను. నలభై ఒక్క ఖబర్ల దాకా వచ్చాక చిచ్చా ఆగిపోయాడు. "ఇక్కణ్ణుంచి నాకూ తెలీదు రా. మా అబ్బాని అడిగి ఉండాల్సింది" అన్నాడు.

మిగిలిన వరసలు ఖాళీగా వదిలిపెట్టాను. ఊళ్ళో ఇంకా ముగ్గురు బుజుర్గులున్నారు. వచ్చే జుమ్మాకి వాళ్ళ దగ్గరికి పోవాలి. మీ ఊళ్ళో ఖబరస్తాన్ అయినా, శ్మశానం అయినా, మీరూ ఒక నోటుబుక్కు తీయండి. అడగాల్సినవాళ్ళు ఇంకా కూర్చుని మాట్లాడుతుండగానే తీయండి.