విమాన ప్రయాణంలో అత్యవసర వైద్యం - వైద్యుని బాధ్యతలు

విమానం గాలిలో ఉన్నపుడు అందులోని వారెవరికైనా హఠాత్తుగా జబ్బు చేసినచో, అదే విమానంలో ప్రయాణికునిగా ఉన్న వైద్యునికి చట్టరీత్యా, వృత్తిధర్మరీత్యా ఏర్పడే బాధ్యతలను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. "ప్రయాణికులలో డాక్టరు ఎవరైనా ఉన్నారా?" అని సిబ్బంది ప్రకటించిన సమయానికి ఆ వైద్యుడు విధులలో లేడు. రోగి పరిచయస్థుడు కాడు, అతని పూర్వపు జబ్బుల వివరాలు తెలియవు, పరీక్షలు చేయించే వీలు లేదు. అయినప్పటికీ చాలా దేశాల వైద్యవృత్తి నియమావళులు అతడు లేచి వెళ్ళవలసినదేనని చెబుతున్నాయి. చట్టాలు మాత్రం అన్ని దేశాలలోను ఆ మాట చెప్పవు. వృత్తిధర్మానికీ చట్టానికీ మధ్య గల ఈ తేడా వలననే వైద్యులలో సందేహాలు, కొందరిలో భయాలు ఏర్పడినవి.

ఇటువంటి సంఘటనలు ఎంత తరచు

2008 జనవరి నుండి 2010 అక్టోబరు వరకు అయిదు విమాన సంస్థలలో జరిగిన 11,920 సంఘటనలను పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడినది. దాని ప్రకారం సగటున 604 విమాన ప్రయాణాలకు ఒకసారి ఇట్టి పరిస్థితి ఏర్పడినది. వీటిలో 37.4 శాతం స్పృహ తప్పడం లేదా కళ్ళు తిరగడం. ఊపిరి సంబంధమైన ఇబ్బందులు 12.1 శాతం, వాంతులు, వికారం 9.5 శాతం. గుండె ఆగిపోయిన సందర్భాలు 0.3 శాతం మాత్రమే. 48.1 శాతం సంఘటనలలో తోటి ప్రయాణికులైన వైద్యులు సాయపడ్డారు. విమానాన్ని దారి మళ్ళించవలసి వచ్చినవి 7.3 శాతం. సినిమాలలో చూపే దృశ్యాలకు ఈ లెక్కలు చాలా దూరం. ఎక్కువ మందికి కావలసినది కాళ్ళు ఎత్తి పడుకోబెట్టడం, కొద్దిగా ఆక్సిజను, ధైర్యం చెప్పే మనిషి.

విమానం లోపలి గాలి పీడనం సముద్రమట్టానికి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున ఉండే పీడనంతో సమానంగా ఉంటుంది. అనగా ప్రయాణికులు గంటల తరబడి ఊటీ వంటి కొండమీద కూర్చున్నట్లే. ఆరోగ్యవంతులకు ఇది తెలియదు గాని, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు గలవారికి ఈ తగ్గుదల ఇబ్బంది కలిగిస్తుంది.

ఏ దేశపు చట్టం వర్తిస్తుంది

1963 నాటి టోక్యో ఒడంబడిక ప్రకారం, ఎగురుతున్న విమానంలో జరిగే నేరాలు, చర్యలపై ఆ విమానం ఏ దేశంలో రిజిస్టరు అయినదో ఆ దేశానికి అధికార పరిధి ఉంటుంది. భారతదేశంలో రిజిస్టరైన విమానం ఎక్కడ ఉన్నా అందులో జరిగిన నేరాలకు భారతీయ శిక్షాస్మృతి వర్తించేది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితకు కూడ అదే పరిధి ఉన్నది. కాని నష్టపరిహారపు దావాలు వేరు. రోగి ఏ దేశస్థుడు, విమానం ఎక్కడ దిగినది అనేవాటిని బట్టి దావా మరొక దేశంలో కూడ పడవచ్చును. హైదరాబాదు నుండి గల్ఫు మీదుగా అమెరికా వెళ్ళే తెలుగు వైద్యుడు ఒకే ప్రయాణంలో రెండు మూడు న్యాయవ్యవస్థల పరిధిలోకి వచ్చే అవకాశం ఉన్నది.

ఫ్రాన్సు, జర్మనీ వంటి దేశాలలో ఆపదలో ఉన్నవానికి సాయం చేయకపోవడమే నేరం. ఫ్రెంచి శిక్షాస్మృతి 223-6 అధికరణం క్రింద అయిదేళ్ళ ఖైదు, 75,000 యూరోల జరిమానా వరకు పడవచ్చును. జర్మనీలో గరిష్ఠ శిక్ష ఒక సంవత్సరం. ఈ నియమాలు వైద్యులకే కాదు, అందరికీ వర్తిస్తాయి. ఇంగ్లండులో ఇటువంటి సాధారణ చట్టబాధ్యత లేదు. అయితే అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్, వైద్యుడు తన భద్రతను, తన నైపుణ్యాన్ని, ఇతర సాయం దొరికే అవకాశాన్ని గమనించుకొని సహాయం అందించాలని నిర్దేశించినది.

అమెరికాలో 1998 నాటి విమానయాన వైద్య సహాయ చట్టం ముఖ్యమైనది. ఇది ఎవరినీ వైద్యం చేయమని నిర్బంధించదు. చేసినవారిపై నష్టపరిహారపు దావా నిలవాలంటే ఘోర నిర్లక్ష్యం గాని, బుద్ధిపూర్వకమైన తప్పు గాని ఉండాలని అంటుంది. ఈ చట్టం ఫలితంగానే 2004 ఏప్రిల్ నాటికి అమెరికా సంస్థల పెద్ద విమానాలలో గుండెకు విద్యుత్ ఘాతం ఇచ్చే పరికరాలు తప్పనిసరి అయినవి.

భారతదేశంలో

విమానంలో చేసే వైద్యానికి భారతదేశంలో అమెరికా చట్టం వంటి ప్రత్యేక రక్షణ చట్టం లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షను ఆపద్బాంధవులకు రక్షణ కల్పిస్తున్నది గాని, అది రోడ్డు ప్రమాదాలకే పరిమితం. అలాగని వైద్యునికి రక్షణే లేదనుకోవడం పొరపాటు.

2002 నాటి భారత వైద్యమండలి వృత్తి ప్రవర్తన నియమాల ప్రకారం, వైద్యుడు ఎవరికి సేవ చేయాలో ఎంచుకొనే స్వేచ్ఛ గలవాడు. అయితే అత్యవసర పరిస్థితిలో సాయం కోరినచో స్పందించవలెను. (2023లో తెచ్చిన కొత్త నియమాలను ఆ నెలలోనే నిలిపివేసినందున పాతవే అమలులో ఉన్నవి.) 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం కాపాడడం అతని బాధ్యతేనని తీర్పు చెప్పినది. స్పృహలో లేని వ్యక్తికి, అనుమతి తీసుకొనే అవకాశం లేనపుడు, అతని మేలు కోరి సద్భావంతో చేసిన పని నేరం కాదని న్యాయ సంహిత 30వ సెక్షను చెబుతున్నది. పూర్వపు శిక్షాస్మృతిలో ఇదే 92వ సెక్షను. 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం వైద్యునిపై క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలి. ఉచితంగా చేసిన సేవ వినియోగదారుల రక్షణ చట్టం క్రిందకు రాదు. విమానంలో సాయపడిన వైద్యుడు ఫీజు అడగకపోవడం మంచిదనడానికి ఇది కూడ ఒక కారణం.

రెండు ప్రసిద్ధ ఉదంతాలు

1995 మే నెలలో హాంకాంగు నుండి లండను వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో ఒక ప్రయాణికురాలికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ప్రాణాపాయం ఏర్పడినది. విమానాశ్రయానికి వస్తూ ఆమె మోటారు సైకిలుపై నుండి పడ్డారు. ప్రయాణికులలో ఉన్న ఎముకల శస్త్రవైద్య నిపుణుడు ఆంగస్ వాలెస్ మరొక వైద్యుని సాయంతో ఆమె ఛాతీకి చిన్న రంధ్రం చేసి, మూత్రపు గొట్టంలోనికి కోటు తగిలించే హ్యాంగరు తీగను దూర్చి దానిని లోపలికి పంపి, రెండవ కొసను నీళ్ళ సీసాలో ఉంచి గాలిని బయటకు తీశారు. తీగను శుభ్రపరచడానికి వాడినది బ్రాందీ. ఆమె కోలుకున్నది. ఈ కథను చెప్పేవారు తరచు మరచే సంగతి, వాలెస్ తనకు బొత్తిగా తెలియని పని చేయలేదు. పనిముట్లు మాత్రమే కొత్తవి.

రెండవది విషాదాంతం. 1998 జనవరిలో ఏథెన్సు నుండి అమెరికా వెళ్తున్న ఒలింపిక్ ఎయిర్‌వేస్ విమానంలో ఉబ్బసం గల ఒక ప్రయాణికుని సీటు పొగత్రాగేవారి వరుసలకు దగ్గరగా వచ్చినది. అతడు స్వయంగా వైద్యుడు. సీటు మార్చమని అతని భార్య మూడుసార్లు కోరినా సిబ్బంది నిరాకరించారు. తోటి ప్రయాణికుడైన వైద్య మిత్రుడు ఇంజెక్షను ఇచ్చి, గుండె ఆగకుండా ప్రయత్నించినా ప్రాణం దక్కలేదు. 2004లో అమెరికా సుప్రీంకోర్టు సిబ్బంది నిరాకరణను ఒడంబడిక అర్థంలో 'ప్రమాదం'గానే పరిగణించి, విమాన సంస్థదే బాధ్యత అన్నది. ఇక్కడ దోషిగా నిలిచినది సాయం చేసిన వైద్యుడు కాదు, సాయం నిరాకరించిన సంస్థ. విమానాలలో వైద్యం చేస్తే కోర్టుల పాలవుతామని భయపడేవారు ఈ కేసును గమనించదగును.

ఆచరణలో

వైద్యుడు ముందుగా తానెవరో, తన ప్రత్యేక శాఖ ఏదో చెప్పి, రోగి స్పృహలో ఉంటే అనుమతి తీసుకోవాలి. వద్దన్న రోగిని బలవంతపెట్టరాదు. చర్మవ్యాధుల నిపుణుడు గుండె నిపుణుని వలె వ్యవహరించనక్కరలేదు. అతని అర్హత గల వైద్యుడు ఆ పరిస్థితులలో ఏమి చేయగలడో అదే న్యాయస్థానాలు చూస్తాయి. మద్యం పుచ్చుకొని ఉన్నచో ఆ సంగతి చెప్పి, మరొకరు ఉన్నారేమో విచారించమనడం ఉత్తమం. చాలా సంస్థలకు నేలమీది వైద్యులతో రేడియో ద్వారా మాట్లాడే ఏర్పాటు ఉన్నది. విమానాన్ని మధ్యలో దించాలా అనే నిర్ణయం కెప్టెనుదే. వైద్యుడు సలహా మాత్రమే ఇస్తాడు, ఎందుకంటే వాతావరణం, ఇంధనం, దిగే ఊరిలో ఆసుపత్రి ఉన్నదా అనేవి అతనికి తెలియవు.

2022 జూలైలో ఢిల్లీ నుండి హైదరాబాదు వస్తున్న విమానంలో ఒక ప్రయాణికునికి అస్వస్థత కలిగినపుడు, అదే విమానంలో ఉన్న నాటి తెలంగాణ గవర్నరు, వైద్యురాలు అయిన తమిళిసై సౌందరరాజన్ ప్రథమ చికిత్స చేశారు. జబ్బు డెంగీ అని తరువాత ఆసుపత్రిలో తెలిసినది. విమానంలో రోగనిర్ధారణ సాధ్యం కాకపోయినా, రోగిని నిలబెట్టడం సాధ్యమేనని ఈ సంఘటన తెలుపుతుంది.

చికిత్స ముగిసిన తరువాత చూసిన లక్షణాలు, నాడి, రక్తపోటు, ఇచ్చిన మందు, సమయం వ్రాసి ఒక ప్రతి సిబ్బందికి ఇవ్వాలి. దిగిన చోట అంబులెన్సువారికి రోగిని అప్పగించేవరకు అతనిని విడిచి వెళ్ళరాదు. రోగి వివరాలను పక్క సీటువారితో గాని, పత్రికలవారితో గాని చెప్పరాదు. ఆసుపత్రిలో రోగి గోప్యతకు ఉన్న నియమమే ఇక్కడా వర్తిస్తుంది.