తొలి పంట బుట్ట: ప్రథమఫలార్పణ పుట్టుపూర్వోత్తరాలు

పంట ఇంటికి చేరే వేళ క్రైస్తవ సంఘాలలో జరిగే కోతపండుగకు, అంటే రైతులూ కూలీలూ తమ రాబడిలో కొంత భాగాన్ని దేవాలయానికి తెచ్చి అర్పించే కృతజ్ఞతారాధనకు, మూలం పాత నిబంధనలోని ప్రథమఫలార్పణలో ఉంది. చేనులో ముందుగా పండినదాన్ని దైవానికి సమర్పించడం ప్రాచీన సమాజాలలో చాలాచోట్ల ఉన్నదే. దైవాన్ని ప్రసన్నం చేసుకుని మరుసటి ఏటి పంటను కాపాడుకోవడం వాటిలో తరచుగా కనిపించే ఉద్దేశం. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలోని ప్రథమఫలాల విధి మాత్రం అర్పించేవాని చేత ఏ కోరికా కోరించదు. అతడు తన బుట్టను యాజకునికి, అంటే బలిపీఠం వద్ద సేవచేసే పురోహితునికి, అందించి, తన పితరుడు నిలువనీడ లేక తిరిగిన అరామీయుడనీ, తనవారు ఐగుప్తులో వెట్టిచాకిరి చేశారనీ, దేవుడే వారిని విడిపించి ఈ నేలను ఇచ్చాడనీ, ఆ నేల ఫలమే ఈ బుట్టలో ఉందనీ చెప్పుకోవాలి. ఆ తరువాత, సొంత భూమి లేని లేవీయులతోనూ తమ మధ్య బతికే పరదేశులతోనూ కలిసి సంతోషించాలి. ఇచ్చేవాడు అంతకుముందే పుచ్చుకున్నవాడన్న ఈ వరుసే ఆచారానికి ప్రాణం; అది నిలిచినంతకాలం కానుక కానుకగా ఉంది, తప్పినప్పుడు పన్నుగానో బేరంగానో మారింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన యూదుల మౌఖిక ధర్మశాస్త్రం, మిష్నా, ఈ విధిని సవివరంగా వర్ణిస్తుంది. రైతు తన తోటలోకి దిగి, తొలిగా పండిన అత్తిపండో ద్రాక్షగుత్తో కంటబడగానే దానికి ఒక నార కట్టి, ఇది ప్రథమఫలమని ప్రకటించేవాడట. చుట్టుపట్ల ఊళ్లవారంతా ఒకచోట కూడి, బంగారు పూతపూసిన కొమ్ముల ఎద్దు ముందు నడవగా, పిల్లనగ్రోవి ఊదుకుంటూ యెరూషలేముకు బయలుదేరేవారు. సంపన్నులు వెండి బంగారు పాత్రలలోనూ, పేదలు తొక్క ఒలిచిన పుల్లలతో అల్లిన బుట్టలలోనూ పండ్లు తెచ్చేవారు. మొదట్లో చదువు వచ్చినవారు ఒప్పుకోలు వాక్యాలను తామే చదివేవారు, రానివారికి యాజకుడు చెప్పించేవాడు. ఆ అవమానానికి జంకి చదువురానివారు రావడమే మానుకోగా, అందరికీ యాజకుడే చెప్పించాలన్న నియమం వచ్చింది. ధర్మశాస్త్రంలో ఇంతటి సున్నితమైన సవరణ అరుదు.

క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నేలమట్టమైన తరువాత ఈ యాత్రకు గమ్యం లేకుండా పోయింది గాని, అర్పణ భావం క్రైస్తవ సంఘాలలో కొత్త రూపం తొడిగింది. ‘డిడకే’ అనే తొలినాటి సంఘ నియమావళి గానుగలో, కళ్లంలో, మందలో తొలి భాగాన్ని ప్రవక్తలకు ఇమ్మని, ప్రవక్త లేని ఊళ్లో బీదలకు ఇమ్మని చెబుతుంది. రెండవ శతాబ్ది మధ్యలో రోమ్ నగరపు క్రైస్తవారాధనను వర్ణించిన జస్టిన్, కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినది పెద్ద వద్ద చేరి, అక్కడినుంచి అనాథలకు, వితంతువులకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి వెళ్లేదని రాశాడు. లియోన్ బిషప్ ఐరేనియస్ ఆ శతాబ్ది చివరలో దీనికి సిద్ధాంతరూపం ఇచ్చాడు: దేవునికి ఏ కొరతా లేదు, అర్పణ వల్ల కృతజ్ఞత నేర్చుకునేది మనిషే. హిప్పోలిటస్ రచనగా సంప్రదాయం చెప్పే ‘అపొస్తలుల సంప్రదాయం’లో ఏ పండ్లను ఆశీర్వదించవచ్చో జాబితాయే ఉంది; ద్రాక్ష, దానిమ్మ, అంజూరాలకు చోటు దక్కింది గాని, దోసకాయ, ఉల్లి, వెల్లుల్లి పాపం బయటే ఉండిపోయాయి.

క్రీ.శ. 585లో నేటి ఫ్రాన్సులోని మాకోన్‌లో జరిగిన బిషప్పుల సభ దశమభాగాన్ని, అంటే రాబడిలో పదోవంతును, చెల్లించనివారిని సంఘంనుంచి వెలివేయవచ్చని నిర్ణయించింది; 779లో షార్లమేన్ రాజశాసనం దానికి ప్రభుత్వబలం తోడుచేసింది. కృతజ్ఞత శిస్తుగా మారిన ఈ వెయ్యేళ్ల కథలో కళ్లం దగ్గర తగాదాలే ఎక్కువ. ఫ్రాన్సులో 1789 విప్లవం దాన్ని రద్దుచేయగా, ఇంగ్లాండులో 1836 నాటి చట్టం ధాన్యరూపంలోని దశమభాగాన్ని నగదు చెల్లింపుగా మార్చింది.

పనను పన్నుగా తీసుకోవడం ఆగిన కొద్ది ఏళ్లకే అదే దేశంలో పంట మళ్లీ గుడిలోకి రావడం గమనించదగినది. కార్న్‌వాల్ తీరంలోని మోర్వెన్‌స్టో గ్రామ గురువు, కవి అయిన రాబర్ట్ స్టీఫెన్ హాకర్, 1843 అక్టోబరు 1, ఆదివారం నాడు, ఆ ఏటి కొత్త గోధుమలతో చేసిన రొట్టెతో ప్రభుసంస్కారం స్వీకరించడానికి రమ్మని తన ఊరివారిని పిలిచాడు. ఆగస్టు 1న కొత్త రొట్టెను ఆశీర్వదించే లామస్ అనే మధ్యయుగ పండుగ ఆయన మనసులో ఉంది. ఇక్కడ పంట చేతికి అందేది సమర్పణగా కాదు, ప్రసాదంగా. పుచ్చుకోవడమే ముందన్న పాత వరుస దాదాపు కాకతాళీయంగా తిరిగివచ్చింది. కూరగాయలు, పూలు, పనలతో చర్చిని నింపే నేటి కోతారాధన తదనంతర దశాబ్దాలలో ఇంగ్లాండంతటా పాకి, మిషనరీల వెంట సముద్రం దాటింది.

తెలుగునాట ఇది లోతుగా వేరూనిన చోట్లలో దోర్నకల్ ఒకటి. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య అధికారం కిందికి అక్కడ వచ్చిన సంఘస్థులలో అత్యధికులు సొంత భూమి లేని మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. ఇంగ్లాండు రైతుల పండుగను వీరికి అతికించడం పైకి విడ్డూరంగానే తోస్తుంది. అయితే పేదసంఘం కూడా తన గురువును తానే పోషించుకోవాలన్నది అజరయ్య పట్టుదల. విదేశీ సాయాన్ని పుచ్చుకునేవారిగానే మిగిలిపోతే వారికి ఇవ్వగల గౌరవం దక్కదని ఆయన భావన. వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా ఇల్లాలు ఒక గుప్పెడు వేరే కుండలో వేసి, నిండాక గుడికి తెచ్చే పద్ధతి అక్కడ నాటుకుంది. ఐగుప్తు దాస్యాన్ని తలచుకునే ఒప్పుకోలు, పాలేరుతనం ఎరిగిన ఈ కుటుంబాలకు ఇంగ్లాండు రైతులకంటే దగ్గరిదని చెప్పడం అతిశయోక్తి కాదు.

జీతగాళ్లు పెరిగిన పట్టణ సంఘాలలో మొదటి నెల జీతాన్ని ప్రథమఫలంగా కవరులో పెట్టి ఇవ్వడం సాధారణమైంది. ఇస్తే దేవుడు రెట్టింపుగా తిరిగి ఇస్తాడని ఊరించే ప్రబోధాలు కూడా దీని చుట్టూ అల్లుకున్నాయి. మనిషిని ముందు ఇచ్చేవానిగా, దేవుణ్ణి బాకీదారుగా నిలబెట్టే ఆ వాదానికి ద్వితీయోపదేశకాండంలోని బుట్ట విధిలో ఆధారం దొరకదు. పల్లె సంఘాలలో ఆరాధన ముగిశాక కోళ్లకు, గుమ్మడికాయలకు, అరటిగెలలకు వేలం సాగుతుంది. పాట పాడినవారు పోటాపోటీగా ధర పెంచడంతో అంగడి ధరకు మించి పలికిన సొరకాయను గెలుచుకున్నవారే తిరిగి గుడికి ఇచ్చేసి, రెండోసారి వేలం వేయించడమూ ఉంది.