పాపసంకీర్తనం కథ: ఒక్కసారే దొరికే క్షమాపణ ఎన్నిసార్లైనా దొరికేదెలా అయింది?

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంది. డ్యూటీ అయ్యాక తీరిగ్గా చదవండి.

తపస్కాలం వచ్చిందంటే ఇక్కడ గల్ఫు గుళ్లలో పాపసంకీర్తనానికి లైన్లు కడతారు. ఆ లైను చూసి పక్కకు తప్పుకునేవాళ్లూ ఉంటారు. "ఇన్నేళ్లయింది, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అంటారు కొందరు. "ఫాదర్ గారు ఎవరికైనా చెబితే?" అని కొందరి భయం. "తెలుగు ఫాదర్ దొరకరు కదా" అని ఇంకొందరి బాధ. ఈ మూడింటికీ చరిత్రలోనే జవాబులున్నాయి.

మొదటి ప్రశ్న చాలా పాతది. 250లో రోమా చక్రవర్తి డేసియస్ ఒక ఆజ్ఞ వేశాడు. జనం దేవతలకు బలి అర్పించాలి, అర్పించినట్టు అధికారుల దగ్గర కాగితం తీసుకోవాలి. అలాంటి కాగితాలు కొన్ని ఈజిప్టులో దొరికాయి కూడా. చేతిలో కాగితం లేకపోతే మనిషి ఎంత భయపడతాడో మనకు వేరే చెప్పాలా? కొందరు క్రైస్తవులు ప్రాణాలిచ్చారు. చాలామంది భయపడి బలి అర్పించారు. కొందరు డబ్బిచ్చి ఉత్త కాగితం కొనుక్కున్నారు. గొడవ తగ్గాక వాళ్లే ఏడ్చుకుంటూ గుడికి తిరిగొచ్చారు.

చేర్చుకోవాలా, వద్దా? రోములో నొవేషియన్ అనే గురువు కుదరదన్నాడు. పోపు కొర్నేలి గారు, కార్తేజి పీఠాధిపతి సిప్రియన్ గారు మాత్రం ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకుందామన్నారు. 251లో కార్తేజిలో పీఠాధిపతుల సభ కూడా ఆ దారే పట్టింది. నొవేషియన్ విడిపోయి వేరు కుంపటి పెట్టాడు. తలుపు తెరవాలన్న మాటే చివరికి నిలబడింది.

కానీ ఆ తలుపు ఇరుకైనది. ఆ రోజుల్లో విగ్రహారాధన, హత్య, వ్యభిచారం లాంటి పెద్ద పాపాలకు అందరి ముందూ ప్రాయశ్చిత్తం చేయాలి. ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగేది. పైగా జీవితంలో ఒక్కసారే! మళ్లీ పడిపోతే రెండో అవకాశం లేదు. చక్రవర్తికైనా మినహాయింపు లేదు. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియొడోసియస్‌ను మిలాను పీఠాధిపతి అంబ్రోసు గారు ప్రాయశ్చిత్తం చేసేదాకా దివ్యసత్ప్రసాదానికి రానివ్వలేదు. చక్రవర్తి అంతటివాడు జనం ముందు తలవంచాడు. ఇంత కఠినంగా ఉండేసరికి చాలామంది చావు దగ్గరపడేదాకా వాయిదా వేసుకునేవాళ్లు.

దీన్ని మార్చిందెవరో తెలుసా? వలస వెళ్లినవాళ్లే! ఐర్లండు మఠవాసులు క్రీస్తు కోసం సొంత ఊరు వదిలిపోవడమే తపస్సు అనుకునేవాళ్లు. 590 ప్రాంతంలో కొలంబానుస్ గారు కొందరు తోటివాళ్లతో సముద్రం దాటి ఇప్పటి ఫ్రాన్సుకు వెళ్లారు. వాళ్ల పద్ధతి వేరు. పాపాన్ని గురువుకు ఒంటరిగా చెప్పుకోవచ్చు. మళ్లీ పడిపోతే మళ్లీ రావచ్చు. ఏ తప్పుకు ఏ ప్రాయశ్చిత్తమో రాసిన పుస్తకాలు వాళ్ల దగ్గరుండేవి. పెద్దలందరికీ ఇది వెంటనే నచ్చలేదు. 589లోనే స్పెయిన్‌లోని టొలెడో సభ, పాపం చేసినప్పుడల్లా క్షమాపణ అడగడమేమిటని మండిపడింది. అయినా జనం ఈ పద్ధతినే పట్టుకున్నారు, ఎందుకంటే మనిషి ఒక్కసారే పడిపోడు కదా. 1215లో నాలుగో లాతరాను మహాసభ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని నియమం పెట్టింది.

మధ్యలో మచ్చ కూడా ఉంది, దాచక్కర్లేదు. పాపపరిహార పత్రాల పేరుతో డబ్బులు దండుకున్నారు. 1517లో మార్టిన్ లూథర్ గొడవ మొదలైంది అక్కడే. 1567లో పోపు ఐదో పియుస్ గారు డబ్బుతో ముడిపడ్డ ఆ పరిహారాలన్నీ రద్దు చేశారు. దేవుడి కరుణకు ఫీజు లేదు.

ఇక రెండో భయం, రహస్యం. అదే 1215 మహాసభ, పాపసంకీర్తన రహస్యం బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసేసి, బతికున్నంతకాలం మఠంలో ప్రాయశ్చిత్తానికి పంపాలని చెప్పింది. ఈ రహస్యం కోసం ప్రాణమిచ్చినవాళ్లున్నారు. 1927లో మెక్సికోలో మతేయో కొర్రేయా గారనే గురువు జైల్లో ఖైదీల పాపసంకీర్తనాలు విన్నారు. వాళ్లేం చెప్పారో చెప్పమని సైన్యాధికారి బెదిరించాడు. ఆయన నోరు విప్పలేదు, కాల్చి చంపేశారు. 2000లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. కాబట్టి మన మాట క్యాంపులో పొక్కుతుందన్న భయం అక్కర్లేదు.

మూడోది భాష. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం మనకు నచ్చిన గురువు దగ్గరకు వెళ్లొచ్చు, కావాలంటే దుబాసీని కూడా పెట్టుకోవచ్చు. ఆ దుబాసీ కూడా రహస్యం కాపాడి తీరాలి. వచ్చిన కాస్త ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పుకున్నా చాలు, అక్కడ ఎవరూ వ్యాకరణం చూడరు.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. క్షమాపణ దొరికిందంటే లెక్క తీరిపోయినట్టు కాదు. ఎవరి డబ్బైనా తిన్నామంటే చేతనైనంత తిరిగిచ్చేయాలి, ఎవరి పేరైనా చెడగొట్టామంటే సరిదిద్దాలి. శ్రీసభ మొదటినుంచీ అడుగుతున్నది అదే.

1981 మే 13న తనను కాల్చిన అలీ అగ్జా దగ్గరకు, 1983 డిసెంబరులో పోపు రెండో జాన్‌పాల్ గారు జైలుకే వెళ్లి కూర్చుని మాట్లాడారు. 2014లో పోపు ఫ్రాన్సిస్ గారు పేతురు మహాదేవాలయంలో అందరి ముందూ మోకరించి తన పాపసంకీర్తనం తాను చేసుకున్నారు. పోపు గారికే అవసరమైనది మనకు సిగ్గెందుకు?

పద్దెనిమిది వందల ఏళ్ల కింద భయపడి కాగితం కొనుక్కున్నవాళ్లనే వెనక్కి పిలిచారు. పదేళ్లు గుడి మొహం చూడని మనల్ని పిలవరా? సెలవు రోజున ఒక గంట ముందు బయల్దేరండి. రూములో ఎవరైనా ఇదే గుంజాటనలో ఉంటే వాళ్లకూ చదివి వినిపించండి.