చిన్న సేద్యము – రెండవ వృత్తి

రెండెకరముల రైతును వర్తకుడని ఎవ్వరును పిలువరు. అయినను విత్తనములు కొనుట, ఎడ్లను మేపుట, అప్పు తెచ్చుట, ధర చూచి ధాన్యమమ్ముట, ఇవన్నియు వ్యాపారమే. పెట్టుబడి వానిది, నష్టమును వానిదే. అట్టివాడు సేద్యమును విడువక మరియొక పనిని చేపట్టవలసి వచ్చినపుడు, ఆ రెండవ పని మొదటిదానిని నిలుపునా, మ్రింగునా? పెద్దలగు మీకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి మన ఇందుకూరుపేట ప్రాంతపు చరిత్రలోనే కొంత సమాధానము కలదు.

1626వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారు నెల్లూరు తీరమునందలి దుగరాజపట్నమువద్ద వర్తకస్థానమును నెలకొల్పిరి. వారిని ఈ తీరమునకు రప్పించినది ముఖ్యముగా మన నూలుబట్టయే. ఆ బట్టకు కావలసిన నూలును నాడు ఏ యంత్రమును తీయలేదు. ఇంటింట స్త్రీలు వంటపని, పొలముపని ముగిసిన పిదప రాట్నముముందు కూర్చుండి వడికినదే ఆ నూలు. పంట పోయిన యేట ఆ కొలది రాబడియే ఇంటికి ఆధారము.

పందొమ్మిదవ శతాబ్దమున సీమనుండి యంత్రపు నూలు చౌకగా దిగుమతి కాజొచ్చెను. నేతగాండ్రు దానినే కొనసాగిరి. మగ్గము ఎట్లో నిలిచినది గాని రాట్నము అటుకెక్కినది. ఇట్లు పల్లెలో ఇంటి రెండవ రాబడి పోయి, బరువంతయు సేద్యముమీదనే పడెను.

ఈ లోటును తీర్పబూనిన ప్రయత్నములలో నొకటి మన పల్లెపాడులో జరిగినది. పెన్న యొడ్డున దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల కృష్ణయ్యగారును నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు ప్రారంభించెను. స్థలమును పొణకా కనకమ్మగారు సమకూర్చిరి. డర్బనులో వర్తకుడును, గాంధీగారి మిత్రుడునగు పారశీ రుస్తుంజీగారు భవనమునకై 10,000 రూపాయలొసంగిరి. రాట్నమును, ఖద్దరును తిరిగి పల్లెకు తెచ్చుట ఆశ్రమవాసుల ముఖ్యకార్యములలో నొకటి.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. లాభము నిచ్చు పనిని మాని రాట్నము పట్టుమని గాంధీగారు ఎవ్వరికిని చెప్పలేదు. రైతునకు ఏటిలో కొన్ని నెలలు పనియుండదు. ఆ ఖాళీ కాలమునకే రాట్నమని వారి వాదము. నాట్లనాడును, కోతలనాడును రైతు పొలములోనే యుండవలెను. రెండవ వృత్తి మిగిలిన గంటలను వాడుకొనవలెనేగాని, మొదటి వృత్తి గంటలను దొంగిలింపరాదు.

అయితే ఈ యేర్పాటులో ఒక చిక్కు దాగియుండెను. వడుకుట ఉపవృత్తి గనుక దానికి కొద్ది కూలి చాలునని పలువురు తలచిరి. ఏమియు లేనిదానికంటె ఏదో ఒకటి మేలు గదా యని వారి సమాధానము. కాని వడుకువారిలో దిక్కులేని వితంతువులును, భూమిలేని స్త్రీలును పెక్కుమంది యుండిరి. పేరునకు ఉపవృత్తియే యైనను వారికి అదియే జీవనము. 1925లో స్థాపితమైన అఖిలభారత చరఖా సంఘముయెదుట 1935లో గాంధీగారు ఈ ప్రశ్ననే పెట్టిరి. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఇయ్యవలెనని వారి కోరిక. సంఘము అంత ఇయ్యజాలకపోయెను. అయినను వడుకువారికి పొట్ట గడచునంత కూలియైనను ఉండవలెనని అంగీకరించి, కూలిని పెంచెను. ఖద్దరు ధర పెరిగి అమ్మకము పడిపోవునని భయపడినవారికి గాంధీగారి జవాబొక్కటే: పేదల ఆకలిమీద చౌకబట్టను అమ్మరాదు.

నేడు రాట్నము స్థానమున రొయ్యల చెరువుకడ కాపలా, కిరాణా అంగడి, పట్టణములో ఉద్యోగము వచ్చినవి. పని మారినను లెక్క మారలేదు. మీ యింటి పిల్లవాడు సేద్యముతోపాటు మరియొక పనికి పోదునని సలహా యడుగవచ్చినపుడు, జీతమెంతయని మాత్రమే విచారింపకుడు. ఆ పనివేళ పొలముపనివేళతో ఢీకొనునా యని యడుగుడు. వీనికి సేద్యమున్నది గదా యని యజమాని కూలిలో కోత పెట్టుచున్నాడా యనియు అడుగుడు. మొదటిది తప్పినచో పొలము పాడగును. రెండవది తప్పినచో పిల్లవాని పొలమే యజమానికి లాభము పండించును.